వీధిలో ఎవరిని ఆపుతాం?

వీధి ఫ్యాషన్ ఫొటోల విషయంలో కాపీ గొడవ వచ్చినప్పుడల్లా రుజువులు ఒకే తీరుగా ఉంటాయి. రెండు ఫొటోలు తెచ్చి పక్కపక్కన పెడతారు. రెండింట్లోనూ మనిషి నడుస్తూ పక్కకు చూస్తుంటాడు, రెండింట్లోనూ వెనక గోడ మసకబారి ఉంటుంది, రెండింట్లోనూ ఒక చెయ్యి జేబులో ఉంటుంది. ఇంకేముంది, మక్కికి మక్కి దించేశాడని తీర్పు చెప్పేస్తారు. ఆరోపణ ఎదుర్కొన్నవాడేమో అది ప్రేరణ మాత్రమేనని వాదిస్తాడు. ఈ తగాదాలో ఇరుపక్షాలూ చూడవలసిన చోటు చూడడం లేదని నా అభిప్రాయం. మనిషిని నిలబెట్టే తీరు, కెమెరా పట్టుకునే ఎత్తు, వెనకనుండే గోడ ఈ కళలో ఉమ్మడి ఆస్తి. వాటిని ఎవరి దగ్గర నుంచి ఎవరు తీసుకున్నా నాకు పెద్దగా పట్టింపు లేదు. పట్టించుకోవలసింది అంతకు ముందు, కెమెరా ఇంకా మెడలో వేలాడుతుండగానే జరిగిపోయే పనిని. దారిన పోయే ఇన్ని వందల మందిలో ఎవరిని చూసి కాలు ఆగింది, ఎందుకు ఆగింది? ఆ ఎంపికను కూడా పరాయి ఫొటోల నుంచే తెచ్చుకున్నవాడి ఫ్రేము ఎంత కొత్తగా ఉన్నా, నా లెక్కలో అతను చేసింది అనుకరణే.

ముందు ఆ ఉమ్మడి ఆస్తి సంగతి చూద్దాం. మనిషిని తల నుంచి పాదాల దాకా, నేరుగా, ఏ నాటకమూ లేకుండా నిలబెట్టి తీసే ఫొటోను లండన్‌లో 'స్ట్రెయిట్ అప్' అన్నారు. బ్రిటిష్ వోగ్ పత్రికకు ఆర్ట్ డైరెక్టరుగా పనిచేసి బయటికి వచ్చిన టెర్రీ జోన్స్ 1980లో 'ఐ-డి' పత్రికను ప్రారంభించినప్పుడు దానికి ముఖచిహ్నంగా నిలిచినవి ఇలాంటి ఫొటోలే. అంతకు ముందే, పంక్ సంగీతం, పంక్ వేషాలు ఉధృతంగా ఉన్న రోజుల్లో, స్టీవ్ జాన్‌స్టన్ లండన్ కింగ్స్ రోడ్డులో తారసపడిన కుర్రకారును ఖాళీ గోడ ముందు నిలబెట్టి ఇదే పద్ధతిలో తీశాడు. అయితే ఈ పద్ధతి అతనితో పుట్టిందా అంటే, 1914లో జర్మన్ ఫొటోగ్రాఫర్ ఆగస్ట్ జాండర్ తీసిన, 'యువ రైతులు' అని పేరుపడ్డ ముగ్గురి ఫొటో ఒకటి ఉంది. నాట్యానికి వెళుతూ మట్టిదారిలో ఆగి, మెడ తిప్పి కెమెరా వంక చూస్తున్న ఆ ముగ్గురి ఒంటి మీదా నల్లని సూట్లు, నెత్తిన టోపీలు, చేతుల్లో కర్రలు ఉంటాయి. ఎడమ చివర ఉన్నవాడి టోపీ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, పెదవుల మధ్య సిగరెట్టు వేలాడుతుంటుంది. ఆ సూటు కుట్టు పట్నానిది; ఆ కర్ర పట్టుకునే దర్జా పట్నం దొరలను చూసి నేర్చుకున్నది. ఆ పల్లెటూరి చేతుల్లో ఆ కర్ర ఎలా ఉందో చూడడానికే నేను ఆ ఫొటో దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళుతుంటాను.

ఇక్కడ అనుకరిస్తున్నది ఎవరు? ఫొటోలో ఉన్న ముగ్గురూ నిస్సందేహంగా అనుకరిస్తున్నారు. కెమెరా వెనక ఉన్నవాడు మాత్రం, ఒక పల్లెటూరు పట్నాన్ని ఒంటికి తొడుక్కుంటున్న క్షణాన్ని, తన కళ్ళతో, తన ప్రాంతపు మట్టి మీద పట్టుకున్నాడు. బట్టల లోకంలో అనుకరణ నేరం కాదు. అది లేకపోతే ఫ్యాషన్ అన్న మాటకే అర్థం లేదు. ఒకరిని చూసి ఒకరు వేసుకోవడమే దాని స్వభావం. కనుక వీధి ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ ఎప్పుడూ అనుకరణలనే ఫొటో తీస్తుంటాడు. ఆ అనుకరణలను గమనించేవాడు తాను ఏ మేరకు స్వతంత్రుడన్నదే మన ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో అందరికంటే సూటిగా జవాబు చెప్పినవాడు బిల్ కనింగ్‌హామ్. 1929లో పుట్టి 2016లో పోయిన ఈ మనిషి మొదట న్యూయార్క్‌లో ఆడవాళ్ళ టోపీలు తయారుచేసేవాడు. తరువాత కెమెరా పట్టుకుని, ఫ్రాన్సులో పారిశుద్ధ్య కార్మికులు వేసుకునే రకం నీలి కోటు ఒకటి తగిలించుకుని, సైకిలు మీద నగరమంతా తిరుగుతూ, ముఖ్యంగా ఫిఫ్త్ అవెన్యూ, 57వ వీధి కలిసే మూలన నిలబడి దశాబ్దాల పాటు ఫొటోలు తీశాడు. 1978లో ఒక రోజు దారిన పోతున్న స్త్రీ కోటు భుజం దగ్గర కోత నచ్చి ఫొటో తీశాడు. ఆమె గ్రెటా గార్బో అన్న సంగతి తీసేటప్పుడు అతనికి తెలియదు. న్యూయార్క్ టైమ్స్ ఆ ఏడాది డిసెంబరు చివర్లో ఆ ఫొటోను మరికొన్నిటితో కలిపి ప్రచురించింది. ఆ తరువాతే అతని ఫొటోలకు ఆ పత్రికలో స్థిరమైన చోటు దొరికింది. లోకమంతా ముఖం కోసం వెతుకుతున్న ఆ నటిలో అతనికి భుజం కుట్టు కనబడింది. టోపీలు కుట్టిన చేతికి కుట్టు ముందు కనబడడం సహజమే కదా. ఈ చూపును ఎవరైనా ఎలా కాపీ కొట్టగలరు? అతని నీలి కోటు కొనుక్కోవచ్చు, అదే మూలన నిలబడవచ్చు, అదే లెన్సు వాడవచ్చు. ఏళ్ళ తరబడి టోపీలు కుట్టిన అనుభవాన్ని మాత్రం ఎరువు తెచ్చుకోలేం.

ఆ పత్రికలో ఆదివారాల్లో వచ్చే అతని పేజీ తీరు ఇంకా ఆసక్తికరమైనది. అందులో ఒక్క ఫొటో రాజులా నిలబడి ఉండదు. చిన్న చిన్న ఫొటోలు పేజీ నిండా ఇరుకిరుకుగా ఉంటాయి. ఒక వారం అన్నీ ఒకే రకం కోట్లు, ఇంకో వారం ఒకే రకం చారలు, మరో వారం మంచు కరిగి కాలిబాట పక్కన చేరిన నీటిని దాటడానికి మనుషులు వేసే గంతులు. అంటే ఆ పేజీకి వస్తువే అనుకరణ. నగరం తనను తాను ఎలా కాపీ కొట్టుకుంటోందో, ఆ కాపీలో ఒక్కొక్కరూ ఎక్కడ కొంచెం తప్పి తమదైన మార్పు చేస్తున్నారో అతను పక్కపక్కన పెట్టి చూపించాడు. ఇరవై మంది ఒకే కోటు వేసుకుంటే ఇరవయ్యో మనిషి కాలరును ఎలా మడిచిందో చూడండి అన్నట్టు ఉంటుంది ఆ అమరిక. డబ్బు పెట్టకుండా ఉచితంగా వచ్చిన బట్టలు తొడుక్కున్న తారల మీద అతనికి ఆసక్తి ఉండేది కాదు. సొంత డబ్బుతో కొనుక్కుని వేసుకున్నవాళ్ళే అతనికి కావాలి. అంతకు ముందు పనిచేసిన ఒక ఫ్యాషన్ పత్రిక, అతను గౌరవంగా తీసిన మామూలు స్త్రీల ఫొటోల కింద వాళ్ళను వెక్కిరించే రాతలు చేర్చినందుకు అక్కడ పని మానేశాడు. ఫొటో అదే, ఫ్రేము అదే. తీసిన కారణం మారిపోగానే అది తనది కాకుండా పోయిందని అతనికి అర్థమైంది.

ఇప్పుడు చట్టం వైపు చూస్తే, అది నా లెక్కకు సరిగ్గా ఎదురు దిక్కున నిలబడి ఉంటుంది. ఆర్.జి. ఆనంద్, డీలక్స్ ఫిల్మ్స్ కేసులో మన సుప్రీంకోర్టు 1978లో చెప్పిన మాట నేటికీ ఆధారం: ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు ఉండదు, దాన్ని వ్యక్తపరిచిన రూపానికే ఉంటుంది, రెండూ చూసినవాడికి రెండోది మొదటిదాని నకలేనన్న అభిప్రాయం తిరుగులేకుండా కలిగితేనే ఉల్లంఘన. ఒక నాటకానికీ ఒక సినిమాకూ మధ్య వచ్చిన తగాదా అది. ఫొటోల దగ్గరికి వస్తే, 2012లో లండన్‌లో ఒక విచిత్రమైన తీర్పు వచ్చింది. పార్లమెంటు భవనమూ వంతెనా నలుపు తెలుపుల్లో, వాటి మధ్య ఎర్ర బస్సు ఒక్కటే రంగులో ఉన్న ఫొటో ఒక జ్ఞాపికల కంపెనీది. ఒక తేయాకు కంపెనీ సొంతంగా ఫొటోలు తీసుకుని, అదే పద్ధతిలో ఎర్ర బస్సును మాత్రం రంగులో ఉంచి డబ్బాల మీద అచ్చు వేసుకుంది. వేరే కెమెరాతో, వేరే చోటు నుంచి తీసినా అది ఉల్లంఘనేనని కోర్టు తేల్చింది. ఆ తీర్పు సరైనదా కాదా అన్న చర్చ న్యాయవాదులకు వదిలేస్తాను. నాకు ఇందులో కనిపించేది ఒకటే: చట్టం ఫ్రేమును కొలవగలదు, ఎంపికను కొలవలేదు. ఒకడు తన ఊరి వీధిలో, తన కంటికి ఆనిన మనిషిని, పేరున్న ఫొటోగ్రాఫర్ కూర్పును యథాతథంగా వాడుకుని తీస్తే చట్టం కళ్ళెర్ర చేయవచ్చు. ఇంకొకడు ఏ ఒక్క ఫొటోనూ దించకుండా, ఏడాది పొడవునా పరాయి ఫొటోల్లోని మనుషుల్లా కనిపించేవాళ్ళను మాత్రమే ఏరుకుని తీస్తే చట్టం వాడి జోలికే పోదు. నా దృష్టిలో పెద్ద కాపీ రెండోవాడిది.

ఈ తేడా మన కావ్యశాస్త్రానికి కొత్తేమీ కాదు. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఉన్న ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం చివరి ఉద్ద్యోతంలో, అంటే చివరి అధ్యాయంలో, కవుల మధ్య పోలికలను మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది అద్దంలో ప్రతిబింబం వంటిది. దానికి తనదంటూ ఆత్మే లేదు. రెండోది చిత్తరువు వంటిది; దానికి ఉన్న ఆత్మ తుచ్ఛమైనది. మూడోది ఒక మనిషికి ఇంకో మనిషితో ఉండే పోలిక వంటిది. ముక్కూ ముఖమూ కలిసినా ఎవరి ప్రాణం వారిదే. మొదటి రెండింటినీ వదిలిపెట్టమన్నాడు, మూడోదాన్ని వదలనక్కర లేదన్నాడు. మన వీధి ఫొటోల్లో ప్రతిబింబాలు తక్కువ. పూర్తిగా దించితే దొరికిపోతామని అందరికీ తెలుసు. ఎక్కువగా ఉన్నవి రెండో రకానివి. మెళకువ ఉంటుంది, రంగుల పొందిక ఉంటుంది, ఎక్కడి నుంచి వచ్చిందో వేలు పెట్టి చూపలేం; అయినా ఆ మనిషిని ఈ ఫొటోగ్రాఫరే ఎందుకు ఆపాడో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. వీటిని కాపీ అని ఎవరూ అనరు. అందుకే అవి అంతగా పెరిగిపోయాయి.

జపాన్‌లో షోయిచి అయోకి కథ ఈ రెండో రకం నుంచి మూడో రకానికి నడిచిన కథలాగా నాకు కనిపిస్తుంది. 1985లో అతను మొదలుపెట్టిన 'స్ట్రీట్' పత్రిక లండన్, ప్యారిస్ వీధుల్లోని వేషాలను జపాన్ పాఠకులకు చూపించేది. ఒక రకంగా చూసి నేర్చుకోండి అని పంచిపెట్టిన నమూనాల పుస్తకం. తొంభైల మధ్యలో టోక్యోలోని హరజుకులో అతనికి వేరే దృశ్యం కనబడింది. పిల్లలు పడమటి బట్టల మధ్య కిమోనో ముక్కలనూ చెక్క చెప్పులనూ కలిపేసి, ఏ పత్రికా చెప్పని వేషాలు కడుతున్నారు. ఆ మార్పును నమోదు చేయడానికే 1997లో 'ఫ్రూట్స్' పత్రిక తెచ్చాడు. పేజీకి ఒక నిలువెత్తు ఫొటో. పక్కన పేరు, వయసు, ఒంటి మీద ఏది ఎక్కడ కొన్నది, ఏది సొంతంగా కుట్టుకున్నది అన్న వివరాలు. ఫ్రేము చూస్తే లండన్ స్ట్రెయిట్ అప్‌కు అన్నదమ్ముల వరస. అయినా ఆ ఫొటోలను ఎవరూ లండన్ నకలు అనరు, ఎందుకంటే ఆ మనుషులను ఆపడానికి లండన్‌లో ఎవరి దగ్గరా కారణం లేదు. చివరికి 2017లో అతను ఆ పత్రిక నిలిపేశాడు. ఫొటో తీయదగ్గ పిల్లలు కనబడడం లేదన్నది అతను చెప్పిన కారణం. పాత అచ్చు మీద ఇంకో పదేళ్ళు నడిపి ఉండవచ్చు. చందాదారులు ఏమీ అనేవారు కాదు. చూడడానికి కారణం లేనప్పుడు తీయడం మానేసిన ఆ నిర్ణయం అతని ఫొటోలన్నిటి కంటే నాకు ఎక్కువ నచ్చుతుంది.

వీధి ఫ్యాషన్ ఎప్పుడో ఒకప్పుడు స్వచ్ఛంగా ఉండేదని, ఇన్‌స్టాగ్రామ్ వచ్చి చెడగొట్టిందని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. వందేళ్ళ కిందటే ప్యారిస్ గుర్రప్పందేల మైదానాల్లో సీబెర్జే సోదరులు సంపన్న స్త్రీల వేషధారణను ఫొటోలు తీస్తున్న రోజుల్లో, దుస్తుల కంపెనీలు తమ మోడళ్ళను కొత్త గౌన్లలో జనం మధ్యకు పంపేవి. ఇవాళ ఫ్యాషన్ వారాల గేటు బయట, కంపెనీలు ఎరువిచ్చిన బట్టల్లో అటూ ఇటూ తిరిగేవాళ్ళు ఆ మోడళ్ళ వారసులే. వచ్చిన తేడా వేగంలో ఉంది. అప్పట్లో ఒక వేషం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేరేలోగా దారిలో నాలుగు చోట్ల మారేది. ఇప్పుడు మారకుండా చేరుతుంది.

హైదరాబాదులో ఆదివారం తెల్లవారకముందే చార్మినార్ దగ్గరికి వెళ్ళి చూడండి. లాడ్ బజారు దుకాణాల షట్టర్లు ఇంకా తెరవరు కనుక అప్పుడు రద్దీ ఉండదు, వెలుతురు మెత్తగా ఉంటుంది. మక్కా మసీదు పక్కన ఒకడు గుప్పెడు జొన్నలు విసురుతాడు, పావురాలు వాలుతాయి, పొడుగాటి అనార్కలీ వేసుకున్న అమ్మాయి వాటి మధ్య నుంచి పరిగెడుతుంది, పావురాలు లేస్తాయి. ఆమె వెనక్కి నడిచి మళ్ళీ మొదటి చోటుకు వచ్చేలోపు ఇంకో జంట, ఇంకో ఫొటోగ్రాఫరు, ఇంకో గుప్పెడు జొన్నలు సిద్ధంగా ఉంటాయి. ప్రతి ఫొటోగ్రాఫర్ చేతిలోనూ ఫోను, ఫోనులో రిఫరెన్స్ ఫొటో. ఒకసారి అక్కడ పరిచయమైన కుర్రాణ్ణి, ఈ పావురాలతో విసుగు రావడం లేదా అని అడిగాను. "నాకూ విసుగే అన్నా. కానీ క్లయింట్ ఫోన్లో చూపించిందే కావాలంటడు. వేరేగా తీస్తే ఇది కాదు గదా అంటడు," అన్నాడు. అతని మీద నాకు ఫిర్యాదు లేదు. అతను చేస్తున్నది దర్జీ పని. కొలతలిచ్చినవాడి కోరిక ప్రకారం కుట్టి ఇస్తాడు, డబ్బు తీసుకుంటాడు. నా ఫిర్యాదు అదే పనిని క్లయింటు ఎవరూ లేకుండా, సొంత ఇష్టంతో చేస్తూ, దానికి హైదరాబాద్ స్ట్రీట్ స్టైల్ అని పేరు పెట్టేవాళ్ళ మీద.

ఎందుకంటే ఈ నగరానికి సొంత వీధి వేషాలు ఉన్నాయి. అవి ఆ పేజీల్లో ఉండవు. బండి మీద ఆఫీసుకో కాలేజీకో వెళ్ళే అమ్మాయిలు ఎండాకాలంలో చున్నీ కట్టుకునే తీరు తీసుకోండి. చున్నీని నడినెత్తి మీదుగా తెచ్చి, నుదురు సగం కప్పి, ముక్కు మీదుగా ఒక చుట్టు చుట్టి, మెడ వెనక ముడి వేసి, కొసలు గాలికి ఎగరకుండా కుర్తీ లోపలికి దోపుతారు. చేతులకు మోచేతులు దాటే తొడుగులు, కళ్ళకు నల్లద్దాలు. కట్టు ఒకటే అయినా ముడి ఒకరిది మెడ వెనక ఉంటే ఇంకొకరిది చెవి పక్కన ఉంటుంది. ఒకరు కుర్తీకి సరిపోయే చున్నీనే కడతారు, ఇంకొకరు ఇందుకని ప్రత్యేకంగా నూలు స్కార్ఫు కొని డిక్కీలో ఉంచుకుంటారు. ఎండ, దుమ్ము, పొగ, తెలిసినవాళ్ళ కంట పడకూడదన్న ముందుజాగ్రత్త, అన్నీ కలిసి ఈ వేషాన్ని తయారుచేశాయి. ఏ డిజైనరూ గీయలేదు, ఏ పత్రికా చెప్పలేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారు. మన వీధి ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ ఈ అమ్మాయిని ఒకవేళ ఆపినా, మొదట అనే మాట "స్కార్ఫ్ తీసేయండి" అని. తీసేస్తే తన ఫోనులో ఉన్న ఫొటోలకు దగ్గరవుతుంది మరి.

ముఖం కనబడని వేషం ఫ్యాషన్ ఎలా అవుతుందని అడగవచ్చు. కనింగ్‌హామ్ మంచు తుఫాను రోజులంటే ఇష్టపడేవాడు. వాతావరణం మీద పడినప్పుడు మనుషులు ఫొటోకు తగ్గట్టు ఉండడం మరిచిపోయి, తమ తమ ఉపాయాలతో బయటికి వస్తారు. న్యూయార్క్‌కు మంచు ఎలాంటిదో మనకు మే నెల ఎండ అలాంటిది. ఈ మాట చెప్పడానికి నాకు అమెరికా ఫొటోగ్రాఫరే అవసరం పడ్డాడు కదా అని ఎత్తిపొడిస్తే ఒప్పుకుంటాను. ప్రేరణ పనికి రావలసింది ఇలాగే: అతన్ని చూశాక నాకు మా వీధి మునుపటి కంటే ఎక్కువ కనబడింది.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. అనుకరించకుండా ఎవరు నేర్చుకున్నారు? సంగీతం నేర్చుకునే పిల్ల గురువుగారి గమకాన్ని గమకంగా దించుకోకుండా సొంత బాణీ ఎక్కడి నుంచి తెస్తుంది? నిజమే, అందుకే నేను ఫోనులో రిఫరెన్స్ ఫొటోలు పెట్టుకోవడాన్ని తప్పుపట్టను. కెమెరా నడుము ఎత్తున పట్టుకుంటే మనిషి ఎంత నిటారుగా కనబడతాడో, మధ్యాహ్నపు ఎండలో ముఖాన్ని ఏ నీడలోకి తిప్పాలో, ఎంత దూరంలో నిలబడితే చెప్పులు కోతపడవో చూసి నేర్చుకోవలసిందే. న్యూయార్క్‌లో జమెల్ షబాజ్ తాను తీసిన ఫొటోల ఆల్బమ్ వెంట పెట్టుకుని తిరిగేవాడు. దారిలో నచ్చినవాళ్ళకు అది చూపించి, మాట కలిపి, ఒప్పించి ఫొటో తీసేవాడు. అపరిచితుడితో మాట కలిపే ఆ మర్యాదను కూడా నేర్చుకోవచ్చు, మన దగ్గర దాని అవసరం ఎక్కువే. ఇవన్నీ పని నేర్పుతాయి. ఎవరిని ఆపాలన్నది మాత్రం ఇంకొకరి ఫొటోను చూసి నేర్చుకోవడం కుదరదు, ఆ ఫొటోలో ఉన్నవాడు మన వీధిలో లేడు కనుక.

ఫొటో కింద ఫలానా ఆయన ప్రేరణతో అని రాసేస్తే సరిపోతుందా అంటే, రాయడం మర్యాద, తప్పక రాయాలి. కానీ అది అప్పు ఉందని ఒప్పుకున్నట్టే అవుతుంది, అప్పు తీర్చినట్టు కాదు. తీర్చే దారి ఒకటి నాకు తోస్తుంది, ఎవరైనా పడుచు ఫొటోగ్రాఫరుకు ఆసక్తి ఉంటే చేసి చూడవచ్చు. లక్డీకాపూల్ దగ్గరో, కూకట్‌పల్లి దగ్గరో ఒక సిగ్నల్ చూసుకుని, వేసవి పొడుగునా అదే చోట నిలబడి, ముఖం విప్పమని అడగకుండా, అడిగి ఒప్పుకున్నవాళ్ళ చున్నీ కట్టులను మాత్రమే తీయాలి. వెనక నుంచి ముడి, పక్క నుంచి చుట్టు, కొసలు దోపిన చోటు. తరువాత వాటిని చిన్న చిన్న ఫొటోలుగా ఒకే పేజీలో ఇరుకిరుకుగా పేర్చాలి. ఆ పేజీ అమరిక నూటికి నూరుపాళ్ళూ కనింగ్‌హామ్‌దే అవుతుంది, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.